పారాయణ గ్రంథపు చివరి పుటలు: పదకోశం, సూచిక

భగవద్గీతలో అర్జునునికి ‘గుడాకేశుడు’ అన్న పేరు నాలుగు చోట్ల వస్తుంది. వివరంగా అచ్చయిన గీతాగ్రంథం చివరి పుటలు తిరగేస్తే ఈ పేరు రెండు పట్టికలలో కనిపించవచ్చు. ఒక పట్టికలో ఆ పేరు ప్రక్కన ‘నిద్రను జయించినవాడు, అర్జునుడు’ అని ఉంటుంది. రెండవ పట్టికలో అర్థం ఉండదు. 1-24, 2-9, 10-20, 11-7 అన్న అంకెలు మాత్రమే ఉంటాయి. మొదటిది పదకోశం, రెండవది సూచిక. ఇంగ్లీషు చదువుకున్నవారు మొదటిదానిని గ్లాసరీ అనీ, రెండవదానిని ఇండెక్స్ అనీ అంటారు. పదం అర్థమేమిటన్న ప్రశ్నకు పదకోశం బదులిస్తుంది. ఆ పదం గ్రంథంలో ఎక్కడెక్కడ ఉన్నదన్న ప్రశ్నకు సూచిక బదులిస్తుంది.

ఇంత చిన్న భేదానికి ఒక వ్యాసం అవసరమా అని పాఠకులకు అనిపించవచ్చు. నారాయణఖేడ్‌లో కొంతకాలంగా భక్తులతో కలిసి గీతా భాగవతాలు చదువుతున్న అనుభవంతో అవసరమే అంటున్నాను. కర్ణాటక సరిహద్దున ఉన్న మా ఖేడ్ ప్రాంతంలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలూ నిత్యం వినిపిస్తాయి. ఇంట్లో కన్నడం మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్చుకున్నవారు, మరాఠీ అభంగాలు పాడుతూ పెరిగి ఇప్పుడు పోతన పద్యాలను కూడబలుక్కుంటున్నవారు మా పారాయణలో ఉన్నారు. కఠినమైన మాట వచ్చినప్పుడు వారు శ్రద్ధగా గ్రంథం చివరికి వెళతారు. అక్కడ అంకెలే కనిపిస్తే “ఇందులో అర్థమేదండీ?” అని నిరాశతో పుస్తకం మూసివేస్తారు. మరికొందరు పదకోశంలో ఒక్క అర్థం చూసుకొని, ఆ పదం ఎక్కడ వచ్చినా అదే అర్థమని నిశ్చయించుకుంటారు. మొదటివారికి కలిగేది నిరాశ మాత్రమే. రెండవవారు శాస్త్రార్థాన్నే తప్పుగా గ్రహించే ప్రమాదముంది.

ఈ తికమకకు మన పేర్లు కూడా కొంత కారణమని నా అభిప్రాయం. తెలుగు గ్రంథాలలో ‘విషయసూచిక’ అన్నది సాధారణంగా పుస్తకం మొదట ఉండే ప్రకరణాల పట్టిక. దానినే కొందరు ‘విషయానుక్రమణిక’ అంటారు. పుస్తకం చివర ‘పదసూచిక’ అని పేరు పెట్టి కొందరు అర్థాలు ఇస్తారు, మరికొందరు పుటసంఖ్యలు ఇస్తారు. ‘కఠిన పదములకు అర్థములు’, ‘లఘుటిప్పణి’, ‘పారిభాషిక పదకోశం’ అన్న పేర్లూ వాడుకలో ఉన్నాయి. కనుక పేరును నమ్మకుండా ఒక వరుస చదివి చూడాలి. పదం తరువాత అర్థం ఉంటే పదకోశం, అంకె ఉంటే సూచిక. ఈ వ్యాసంలో నేను ఆ రెండు మాటలే వాడుతాను.

ఈ విభజన పాశ్చాత్యుల అచ్చుయంత్రంతో మనకు వచ్చినది కాదు. వేదాధ్యయనంలో ఇది ప్రాచీనకాలం నుండి ఉంది. వేదంలోని పదాలను ఏరి కూర్చిన ‘నిఘంటువు’ అన్న గ్రంథంలో అయిదు అధ్యాయాలున్నాయి. మొదటి మూడు అధ్యాయాలలో సమానార్థకాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఉదాహరణకు భూమికి 21 పేర్లు, నీటికి 101 పేర్లు. నాలుగవ అధ్యాయంలో క్లిష్టపదాలు, అయిదవ అధ్యాయంలో దేవతానామాలు ఉంటాయి. దీనికి యాస్కుడు వ్రాసిన వివరణమే నిరుక్తం. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని వాదాన్ని యాస్కుడు ఆ గ్రంథంలోనే ఉదహరించి ఖండించాడు. అర్థం తెలియక వేదం వల్లించేవాడు బరువు మోసే మోడు వంటివాడన్న మాట కూడా నిరుక్తంలో ఉంది. నేటి పదకోశాలకు మూలపురుషులెవరని అడిగితే నేను ఈ నిఘంటు నిరుక్తాలనే చూపుతాను.

సూచికకు మూలం అనుక్రమణి. శౌనకుని పేరిట ఋషులకు, ఛందస్సులకు, అనువాకాలకు వేరువేరు అనుక్రమణులున్నాయి. కాత్యాయనుడు వాటన్నిటి విషయాన్ని ఒక్కచోట చేర్చి ఋగ్వేదానికి ‘సర్వానుక్రమణి’ రచించాడు. పది మండలాలలోని 1028 సూక్తాలకు వరుసగా సూక్తం మొదటి మాట, మంత్రాల సంఖ్య, ద్రష్ట అయిన ఋషి, దేవత, ఛందస్సు అందులో చెప్పబడ్డాయి. మొదటి మాటను ‘ప్రతీక’ అంటారు. ఇందులో అర్థవివరణ ప్రధానం కాదు. ఏ సూక్తం ఎక్కడిది, ఎవరిది, ఎవరిని గూర్చినది అన్నదే ప్రధానం. ప్రతిరోజూ విష్ణుసహస్రనామం చదివేవారు స్తోత్రానికి ముందు ఋషి వేదవ్యాసుడనీ, ఛందస్సు అనుష్టుప్పు అనీ, దేవత ఫలానా అనీ చెప్పుకుంటారు గదా! అనుక్రమణిలో నమోదయ్యే వివరాలూ ఆ రకమైనవే. సూచిక అన్న మాట ఎన్నడూ వినని గృహిణి కూడా దాని పద్ధతిని నిత్యపూజలో పాటిస్తూనే ఉంది.

వేదపండితులు ఈ రెండింటినీ కలిపి ఒకే గ్రంథం చేయలేదు. ఎందుచేతనో తెలియాలంటే గీత నుండి మరొక పదం తీసుకోవాలి. ‘బ్రహ్మ’ అన్న మాటకు చిన్న పదకోశంలో ‘పరమాత్మ’ అని ఉంటుంది. ఆ అర్థం పట్టుకొని మూడవ అధ్యాయం 15వ శ్లోకానికి వెళ్ళండి. కర్మ బ్రహ్మ నుండి పుట్టిందనీ, ఆ బ్రహ్మ అక్షరం నుండి పుట్టిందనీ అక్కడ ఉంది. పరమాత్మ మరొకదాని నుండి పుట్టడమేమిటి? శంకరభాష్యం ప్రకారం ఇక్కడ బ్రహ్మ అంటే వేదం. రామానుజభాష్యం ప్రకారం ప్రకృతి పరిణామమైన శరీరం. పదునాలుగవ అధ్యాయం 3వ శ్లోకంలో భగవానుడు మహద్బ్రహ్మను తాను గర్భముంచే స్థానంగా చెప్పాడు. అక్కడ అది ప్రకృతి. పదకొండవ అధ్యాయం 15వ శ్లోకంలో అర్జునుడు విశ్వరూపంలో చూచినది కమలాసనుడైన చతుర్ముఖ బ్రహ్మను. ఎనిమిదవ అధ్యాయం 3వ శ్లోకంలో మాత్రం బ్రహ్మమేమిటన్న అర్జునుని ప్రశ్నకు అది పరమమైన అక్షరమని సూటిగా సమాధానముంది.

పదకోశం ఒక్కటే చదివినవాడు ఈ నాలుగు చోట్లా పరమాత్మనే చూస్తాడు. సూచిక చేతిలో ఉన్నవాడికి 3-15, 8-3, 11-15, 14-3 అన్న అంకెలు ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. అర్థం అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగు శ్లోకాలూ తెరిచి, వ్యాఖ్యానం ముందు పెట్టుకొని తానే తేల్చుకోవాలి. పదకోశం గురువు చెప్పే మాట వంటిదైతే సూచిక గురువు ఇచ్చే పని వంటిది. తొలిసారి గీత చదివేవారికి మాట కావాలి, పదవసారి చదివేవారికి పని కావాలి. ఇదే విధంగా ‘యోగం’ అన్న పదాన్ని 2-48, 2-50, 6-23 శ్లోకాలలో చూడమని పాఠకులను కోరుతున్నాను. మా పారాయణలో ఈ మూడు శ్లోకాల మీదనే రెండు ఆదివారాలు గడిచాయి.

విష్ణుసహస్రనామంలో ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. శంకరభాష్యపు లెక్క ప్రకారం ‘విష్ణు’ అన్న నామం 2వదిగా, 258వదిగా, 657వదిగా మూడుసార్లు వస్తుంది. ‘కేశవ’ నామం 23వదిగా, 648వదిగా వస్తుంది. పదకోశం అకారాది క్రమంలో ఒక పదాన్ని ఒకసారే చెబుతుంది, కాబట్టి పునరుక్తి ఉన్నట్లే తెలియదు. సూచిక ఆ అంకెలన్నీ ఒక వరుసలో పెట్టగానే సందేహం పుడుతుంది. వేయి నామాలలో ఒకటే నామం మూడుసార్లు లెక్కించవచ్చునా? భాష్యకారుని ఎదుట నిలిచిన ప్రశ్న ఇదే. అందుకు సమాధానంగా ఆయన ప్రతి చోటా వేరొక అర్థం చూపాడు. విష్ణువు రెండవ నామంగా సర్వవ్యాపి, 258వ నామంగా అడుగులతో లోకాలను ఆక్రమించినవాడు, 657వ నామంగా భూమ్యాకాశాలను నిండిన కాంతి గలవాడు. కేశవుడు మొదట చక్కని కేశములు గలవాడు, కేశి అనే రాక్షసుని చంపినవాడు. 648వ నామం వద్ద సూర్యాదులలోని కిరణాలే కేశములుగా గలవాడు.

పదకోశం విషయంలో మరొక జాగ్రత్త చెప్పవలసి ఉంది. తెలియని మాటకు అర్థం చూసుకోవడం అందరూ చేసేదే. తెలుసుననుకున్న మాటకు చూసుకోవడమే కష్టం. ‘అనుమానం’ అంటే మనకు సందేహం. శాస్త్రంలో అది ఒక ప్రమాణం: పొగను చూచి నిప్పు ఉన్నదని నిశ్చయించడం. సందేహానికి సరిగా ఎదురుగా నిలిచే అర్థమిది! ‘ఆగ్రహం’ మనకు కోపం, సంస్కృతంలో పట్టుదల. ‘అభ్యంతరం’ మనకు ఆక్షేపణ, సంస్కృతంలో లోపలిది. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి ఉన్నదని చెప్పినప్పుడు ఒక విద్యార్థి “ఉపనిషత్తులో కూడా దండన ఉంటుందా?” అని అమాయకంగా అడిగాడు. అక్కడ శిక్ష అంటే ఉచ్చారణశాస్త్రం. సంస్కృత గ్రంథానికి తెలుగువారి కోసం పదకోశం కూర్చేవారు కష్టమైన మాటల కంటె ముందు ఇటువంటి సులభమైన మాటలనే చేర్చాలని నా అభిప్రాయం. చాలా ప్రచురణలలో ఇవి ఉండవు.

పదకోశంలో ఏ పదాలుండాలన్నది పాఠకుని బట్టి నిర్ణయమవుతుంది. ప్రాచీన తెలుగు కావ్యంలో ‘బోనము’ అన్న మాట వస్తే మా ఖేడ్ బాలికకు అర్థం చెప్పనవసరం లేదు. ఆషాఢ శ్రావణాలలో అమ్మవారికి బోనమెత్తడం ఆమె చూచినదే. అది భోజనం అన్న మాటకు వికృతి అని ఒక్క ముక్క చేర్చితే చాలు. తెలంగాణకు దూరంగా, మరొక రాష్ట్రంలో పెరిగిన తెలుగు బాలికకు అదే మాటకు నాలుగు పంక్తులు కావాలి. సూచికకు ఈ చిక్కు లేదు. అది గ్రంథాన్ని బట్టి ఏర్పడుతుంది, పాఠకుడు ఎక్కడివాడైనా అంకె మారదు.

కొన్ని గ్రంథాలకు పదకోశం వేరే గ్రంథంగానే వెలువడింది. అన్నమాచార్యుల సంకీర్తనలలోని పదాలకు ఆచార్య రవ్వా శ్రీహరిగారు కూర్చిన ‘అన్నమయ్య పదకోశం’ అటువంటిది. వాడుకలో మరుగునపడిన జానుతెనుగు మాటలు ఆ సంకీర్తనలలో అడుగడుగునా ఉన్నాయి కనుక అది అవసరమైంది. సంకీర్తనలకు సూచిక అవసరం కూడా అంతే. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుండి వెలుగు చూచిన రాగిరేకులలో వేల సంకీర్తనలున్నాయి. భక్తునికి తెలిసేది పల్లవి ఒక్కటే. పల్లవుల అకారాది సూచిక లేకపోతే, చిన్ననాడు తల్లి పాడిన పాటను ఆ సంపుటాలలో వెదకి పట్టుకోవడం సాధ్యమా? శతకాలలో పద్యాంతాన వచ్చే మకుటం అన్ని పద్యాలకూ ఒకటే కాబట్టి, అక్కడా మొదటి మాటే గుర్తుంచుకోవాలి.

అమరకోశం కథ చిత్రమైనది. అమరసింహుడు పదాలను అకారాదిగా కాక స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అంటూ విషయాలవారీగా మూడు కాండలలో శ్లోకాలుగా కూర్చాడు. వీధిబడిలో పిల్లలు దానిని కంఠస్థం చేశారు. కంఠస్థమైన గ్రంథానికి సూచికతో పని లేదు, జ్ఞాపకమే సూచిక. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ కూడా పద్యాలలో ఉన్నది కంఠస్థం చేయడానికే. ఆ అలవాటు పోయి అమరం అచ్చుపుస్తకంగా మిగిలినప్పుడు, పదం ఏ వర్గంలో ఉన్నదో తెలియనివాడికి గ్రంథమంతా వెదకవలసి వచ్చింది. అందుచేత ముద్రణలలో చివర అకారాది పదసూచిక చేర్చారు. పదాల అర్థం చెప్పే కోశానికే సూచిక కావలసి వచ్చిందన్నమాట.

ఇక సూచికను ఉపయోగించేటప్పుడు తెలిసి ఉండవలసిన విషయాలు కొన్ని. ‘క్ష’తో మొదలయ్యే పదాలు సాధారణంగా ‘క’లో, ‘జ్ఞ’తో మొదలయ్యేవి ‘జ’లో ఉంటాయి. జ్ఞానం అన్న మాటను తెలుగువారు ‘గ్న’ అని, మరాఠీ వారు ‘ద్న్య’ అని పలుకుతారు. ఆ ఉచ్చారణ ప్రకారం ‘గ’లోనో ‘ద’లోనో వెదకితే దొరకదు. బండి ‘ఱ’ను కొందరు ‘ర’తో కలుపుతారు, కొందరు విడిగా పెడతారు. సున్న ఉన్న పదాల వరుస కూడా అన్ని గ్రంథాలలో ఒకటి కాదు. ఒక పుట నిదానంగా చూస్తే ఆ గ్రంథం పద్ధతి తెలిసిపోతుంది. ‘చూ.’ అని ఉంటే ‘చూడుము’ అని గ్రహించాలి. ‘ధనంజయుడు: చూ. అర్జునుడు’ అన్నది మంచి సూచికకు గుర్తు. పార్థుడు, సవ్యసాచి, గుడాకేశుడు ఒక్కరేనని తెలిసిన మనిషి కూర్చి ఉంటాడు. చరవాణిలో అక్షరాలు కొట్టి వెదికే సదుపాయం వచ్చినా, ‘అర్జున’ అని కొడితే ‘సవ్యసాచి’ ఉన్న శ్లోకం రాదు.

అంకెలను గూర్చి మరొక మాట. పుటసంఖ్య అచ్చుతో పుట్టింది, ప్రతి ముద్రణలోనూ మారుతుంది. తాటాకు ప్రతులలో ఒకరి పత్రసంఖ్య మరొకరి ప్రతికి పనికిరాదు. అందుకే పూర్వులు కాండ, సర్గ, శ్లోక సంఖ్యలను నమ్ముకున్నారు. అక్షరాల పరిమాణం పెంచి పునర్ముద్రణ చేసి, సూచికలో పాత పుటసంఖ్యలనే వదిలివేసిన పారాయణ గ్రంథం ఒకటి నా చేతికి వచ్చింది. అందులో ప్రతి అంకె తప్పే. వృద్ధులు ఎంతో ఓపికతో ఆ పుటలు తిప్పి, దొరకక, తమ చూపునే నిందించుకున్నారు. తప్పుడు సూచిక కంటె సూచిక లేకపోవడమే మేలు. శ్లోకసంఖ్యలలోనూ ఒక తేడా గమనించాలి. గీత పదమూడవ అధ్యాయం మొదట కొన్ని ప్రతులలో అర్జునుని ప్రశ్నగా ఒక శ్లోకం అధికంగా ఉంటుంది. అప్పుడు మొత్తం 700కు బదులు 701 అవుతుంది. ఆ అధ్యాయంలో ప్రతి సంఖ్య ఒకటి పెరుగుతుంది. సూచిక చూపిన చోట పదం లేకపోతే ముందు వెనుక ఒక శ్లోకం చూడండి.

మా పారాయణలో ప్రస్తుతం పోతన భాగవతానికి రెండు నోటుపుస్తకాలు నడుపుతున్నాము. మొదటిది పదకోశం. ఆ వారం చదివిన ఘట్టంలో ఎవరికి ఏ మాట తెలియలేదో ఆ మాట, దాని అర్థం, అది వచ్చిన సందర్భం వ్రాస్తాము. కన్నడంలోనో మరాఠీలోనో అదే మాట వేరే అర్థంలో ఉంటే అదీ వ్రాస్తాము. రెండవది సూచిక. పద్యం మొదటి మాట, స్కంధం, పద్యసంఖ్య, ఎవరు ఎవరితో పలికినది అన్న గడులున్నాయి. పుటసంఖ్య వ్రాయము, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్రణ ఉన్నది కనుక. సర్వానుక్రమణిని తలచుకొని కవి పేరుకూ ఒక గడి పెట్టాము. పంచమస్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండు స్కంధాలు నారయవి. భాగవతమంతా పోతన ఒక్కడే వ్రాశాడనుకునేవారు ఆ గడి చూచి ఆశ్చర్యపోతారు.

గజేంద్రమోక్షం, వామనచరిత్ర రెండూ అష్టమస్కంధంలోనివే కనుక ఆ స్కంధంతో పని మొదలుపెట్టాము. ప్రహ్లాదచరిత్ర ఉన్న సప్తమం తరువాత, రుక్మిణీకల్యాణం ఉన్న దశమం చివర చేయాలని నిర్ణయం. దశమస్కంధం చాలా పెద్దది. ఇంటి వద్ద కూర్చొని వారానికి పాతిక పద్యాల మొదటి మాటలు అకారాదిగా వ్రాసి ఇవ్వగలవారు ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే దానిని కూడా ఇప్పుడే ప్రారంభించవచ్చు. అక్షరాలు గుండ్రంగా లేకున్నా పరవాలేదు, పద్యసంఖ్య మాత్రం రెండుసార్లు సరిచూడాలి.